వగదు నుంచి వెళ్లినవాళ్లు

నా భార్య కుంబా పోయాక ఊళ్లో ఉండబుద్ధి కాలేదు. నియోరో పట్నంలో మా తమ్ముడింటికి వెళ్లిపోదామని గాడిదబండి మాట్లాడాను. బడికి నేనొక్కణ్ణే టీచర్ని. నా తర్వాత మరొకరు రారని ఊరందరికీ తెలుసు. అయినా ఉండమని ఎవరూ అడగలేదు. భార్య పోయినవాణ్ణి అలా అడగరు.

ఆఖరి పాఠం, ఒకప్పుడు మా నేలని ఏలిన వగదు రాజ్యం ఎందుకు పడిపోయిందన్నది. దక్షిణాది బంగారానికీ ఉత్తరాది ఉప్పుకీ మధ్య కూర్చుని సుంకాలతో బతికిన రాజ్యం. ఉత్తరం నుంచి సైన్యం వచ్చింది, పడిపోయింది అని ముగించేశాను. బయట నా సామానుతో బండి వచ్చి ఆగింది.

"ఒక్క దెబ్బకే పడిపోయిందా సారూ?" అంది ముందు వరసలోంచి సీరా.

నిజం చెప్పక తప్పలేదు. "లేదమ్మా. దూరంగా కొత్త గనులు దొరికాయి. ఒంటెల బిడారులు దారి మార్చుకున్నాయి. వానలు తగ్గాయి. లాభం లేదని వర్తకుడు వెళ్లాడు. మేత లేదని కాపరి వెళ్లాడు. పని లేదని కమ్మరి వెళ్లాడు. ఎవరి కారణం వాళ్లకి సరైనదే."

"అందరిదీ సరైనదే అయితే మరి రాజ్యం ఎందుకు పోయింది?"

సుద్దముక్క బల్ల మీద పెట్టి బండి వైపు చూశాను.

"ఏమయ్యా, పిల్ల అడుగుతుంటే వినబళ్లేదా? చెవుల్లో బొగ్గు పోసుకున్నావా?"

అచ్చం కుంబా గొంతు. గుమ్మంలో కుంబాలాగే నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది పాలమ్మే దిక్కెల్. తలకి కుంబా పసుపు గుడ్డ. చనిపోయినామె బట్టలు పంచినప్పుడు అడిగి తీసుకుంది. నేను కమ్మరి కులంవాణ్ణి, దిక్కెల్ ఆవులు కాసే ఫులానీల పిల్ల. మా రెండు కులాలకీ తరతరాలుగా వేళాకోళం వరస. చావింట్లో పోయినవాళ్లలా నటించే హక్కు కూడా వాళ్లకుంది. ఒకరినొకరు దొంగ అనీ బానిస అనీ అనుకోవచ్చు, కోపగించుకోకూడదు.

"గుడ్డ విప్పవే, ఆవులదొంగా," అన్నాను.

"ఆవులదొంగేంటి, నీ పెళ్లాన్ని. నేనెక్కడికీ పోలేదు, ఊరవతల ఇసకలో ఇక్కడే ఉన్నాను. నువ్వే పోతున్నావు. ఎందుకట? తమ్ముడి పెళ్లాం కూడు తినడానికా? పళ్లు విరుగుతాయని నువ్వే కదయ్యా అన్నావు?"

ఆ మాట నేను కుంబాతో తప్ప ఎవరితోనూ అనలేదు. కుంబా పాలు పోయించుకుంటూ చెప్పి ఉంటుంది. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆ నవ్వు మధ్యలోనే మరోలా మారిపోతుంటే బోర్డు వైపు తిరిగాను. పిల్లలు మర్యాదగా నేల వైపు చూశారు.

మొహం తుడుచుకున్నాక సీరా వైపు తిరిగాను. "ప్రతివాడూ తనొక్కడే వెళ్తున్నాననుకున్నాడమ్మా. అందుకే పోయింది. ఉండిపోయినవాళ్లూ కొందరున్నారు. వాళ్ల సంగతి రేపు చెబుతాను."

దిక్కెల్ ఈసారి తన సొంత గొంతుతో బయటికి కేకేసింది. "ఓ బండబ్బాయ్, సామాను దించెయ్. నా బానిస ఎక్కడికీ రావట్లేదు."

"బానిసవి నువ్వే," అన్నాను.

"అదీ. ఇప్పుడు మనిషివయ్యావు."

రేపటి పాఠం పుస్తకంలో లేదు. పిల్లల్ని ఇళ్లకి పంపేసి, ఉండిపోయినవాళ్ల గురించి ఎవరికేం తెలుసో అడగడానికి ముసలివాళ్ల ఇళ్ల వైపు నడిచాను.