ఐదేసి డాలర్ల చదివింపులు

శేషగిరితో కృష్ణవేణికి ఇరవై రెండేళ్లుగా ఒకటే పేచీ. ఆ మనిషి ఏ పెళ్లికి వెళ్లినా తన చదివింపులు తను చదివించి ఊరుకోడు. రాలేనివాళ్లను గుర్తుచేసుకుని మరీ, వాళ్ల తరఫున కూడా కవర్లు పెట్టి, పైన వాళ్ల పేర్లు రాసి వస్తాడు. తర్వాత డబ్బులడగడు. అడిగితే చిన్నతనమట. అమెరికాలో, అరిజోనా రాష్ట్రపు చాండ్లర్‌లోని తెలుగువాళ్లకు ఆయన దేవుడు. దేవుడితో కాపురం ఎలా ఉందని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ దేవుడి భార్య శాసనసభకు పోటీ చేద్దామనుకుంది. పిల్లల బడిలో లైబ్రేరియన్‌ను తీసేస్తే, పదకొండేళ్లు జీతం లేకుండా పుస్తకాలు సర్దింది కృష్ణవేణి. ఆ ఉద్యోగం ఎక్కడ ఎగిరిపోయిందని ఆరా తీస్తే రాష్ట్ర బడ్జెట్ దగ్గర తేలింది. అరిజోనాలో ఒక వెసులుబాటుంది: నియోజకవర్గంలో ఓటున్న రెండువందలమంది తలా ఐదు డాలర్లు తమ సొంత డబ్బు ఇచ్చి సంతకం పెడితే, ప్రచారం ఖర్చు ప్రజానిధి నుంచి వస్తుంది. ఇక ఏ కాంట్రాక్టరు గుమ్మమూ ఎక్కనక్కర్లేదు.

నాలుగు నెలలు ఎండలో ఇల్లిల్లూ తిరిగింది. డోర్‌బెల్ కెమెరాలకు నమస్కారాలు పెట్టింది. ఒక ముసలాయన ఇరవై పావు డాలరు బిళ్లలు లెక్కపెట్టి చేతిలో పోశాడు. గడువు వారం ఉందనగా లెక్క నూట అరవై నాలుగు దగ్గర ఆగిపోయింది.

"మనవాళ్లని నాకొదిలెయ్, వేణీ," అన్నాడు శేషగిరి. ఆదివారం మనవాళ్లు తలా ఒక వంటతో కలిసే పాట్‌లక్‌కి వెళ్లి నలభై ఫారాలతో, పది కొత్త ఇరవై డాలర్ల నోట్లతో తిరిగొచ్చాడు.

"నలభైమందీ మాట్లాడుకుని ఇరవైలే తెచ్చారా?"

"చిల్లరెందుకని మార్చాన్లే."

ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. వేస్తే ఏం వినాల్సి వస్తుందో తెలిసినట్టే ఊరుకుంది. అన్నీ కట్టగట్టి, పైన సంతకం పెట్టి దాఖలు చేసింది.

ఎన్నికల కార్యాలయంవాళ్లు తనిఖీకని ఆ నలభైమందిలో కొందరికి ఫోన్ చేశారు. "మా ఐదు డాలర్లూ శేషగిరి అన్నయ్యగారే వేసేశారండీ," అని సుబ్బులు ఇంగ్లిష్‌లో నిజాయితీగా చెప్పింది. ఇంకో ఇద్దరూ అదే చెప్పారు. నలభై ఫారాలూ కొట్టేశారు. గడువు అప్పటికే దాటిపోవడంతో ప్రజానిధి చేజారిపోయింది. అదే వారం అవతలి అభ్యర్థికి ఒక బిల్డరు ఐదువేల డాలర్ల చెక్కు ఇస్తూ నవ్విన ఫొటో అందరి ఫోన్లలోనూ తిరిగింది. అది చట్టప్రకారం సబబే.

శేషగిరి మాత్రం అడిగినవాళ్లందరికీ "ఏదో పేపర్‌వర్క్ ఇష్యూ" అని చెప్పుకొచ్చాడు. కృష్ణవేణి ఖండించలేదు. ఇంట్లో మాత్రం నెల రోజులుగా కాఫీ ఆయనే కలుపుకుంటున్నాడు.

సుబ్బులు కూతురు సాన్వి పుట్టినరోజుకు అందరూ కలిశారు.

"మన పేర్లు చూసే కొట్టేశారు వదినా," అంది సుబ్బులు, ప్లేట్‌లో గారెలు వేస్తూ. "మనవాళ్లు పైకొస్తే ఓర్వలేరు."

"అంతేనమ్మా," అన్నాడు శేషగిరి.

కృష్ణవేణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నలభై కవర్లు తీసి, కేక్ పక్కన పేర్చింది. ఒక్కో కవరు మీద ఒక్కో ఇంటిపేరు. "సాన్వికి మీ అందరి తరఫునా నేనే పెట్టేశాను. ఎవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు."

"అదేంటి వదినా, నేను తెచ్చుకున్నానుగా," అంది ఒకావిడ, చేతిలో గిఫ్ట్ బ్యాగ్ చూపిస్తూ. "మధ్యలో మీరెందుకు?"

"నన్నడుగుతావేంటమ్మా? మీ అన్నయ్యగారి దగ్గర నేర్చుకున్నా."

సాన్వి "థాంక్యూ ఆంటీ," అని పై కవరు విప్పింది. అందులో ఏమీ లేదు.

శేషగిరి ప్లేటు కింద పెట్టాడు. గారె కొరికినది కొరికినట్టే ఉంది.

"పేర్లు చూసి కొట్టెయ్యలేదు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "మీ చేత ఇప్పించాల్సింది నేనే ఇచ్చా. మిమ్మల్ని అడగడానికి నామోషీ పడ్డా. వేణి నాలుగు నెలలు ఎండలో అడుక్కుంటే తనకు రాని నామోషీ నాకొచ్చింది. తప్పు ఆ ఆఫీసువాళ్లది కాదు. నాది."