తవ్వని వాలు

మార్చి పదకొండున అక్క చనిపోయింది. కొండవాలు మీద మంచు అప్పుడే కరుగుతోంది. మేం తవ్వుకు తినే ఖౌష్ దుంప ఆకులు ఇంకా నేల పైకి రాలేదు. జింక కొమ్ము పిడి ఉన్న ఆమె తవ్వుకోల తలుపు వెనక ఆనించి ఉంది. ఇంట్లో ఒకరు పోతే ఏడాది తిరిగేదాకా ఆ ఇంటివాళ్ళం దుంప తవ్వం. ఆ ఇల్లు తవ్వుకునే చోట మరొకరు కోల దింపరు. ఏడాది నిండాక పెద్దలు అందరికీ భోజనం పెట్టించి, మమ్మల్ని మళ్ళీ కొండకు పంపుతారు.

అక్క చేయవలసిన పని ఒకటి మిగిలింది. ఆ కొండవాలు ప్రభుత్వ భూమి, దుంప తీసుకునే హక్కు మాత్రం మా తెగవాళ్ళది. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ వాలులో కంకర తీస్తామని రోడ్ల ఆఫీసు నోటీసు పంపింది. కిందటి ఆగస్టులో వాళ్ళ సర్వే మనిషి వచ్చి, సేజ్ అనే బూడిదరంగు పొదల మధ్య ఎండుగడ్డి తప్ప ఏమీ లేదని రాసుకుపోయాడు. జూన్ దాటితే ఖౌష్ పైకి కనబడదు. ఆకు ఎండి గాలికి పోతుంది, దుంప నేలలో ఉండిపోతుంది. ఇది మా బడిలో ఆరో తరగతి పిల్లలకు తెలుసు. అక్క అభ్యంతరం రాసి, పూలకాలంలో మళ్ళీ రావడానికి వాళ్ళను ఒప్పించింది.

ఏప్రిల్ చివర్లో ఆ సర్వే మనిషిని వాలు మీదికి నేను తీసుకువెళ్ళాను. పేరు పెర్రిన్, మర్యాదస్తుడు. ఎనభై ఒక్కేళ్ళ ఎట్టా పిన్ని కూడా మాతో వచ్చింది.

"ఈ పసుపు పూలన్నీ అవేనా మేడమ్?"

"కావు. ఇక్కడ రెండు రకాలున్నాయి," అని భూతద్దం ఇచ్చాను. "గొడుగులా విచ్చిన గుత్తి కింద చూడండి. చిట్టి ఆకులు చెంచాల్లా వెడల్పుగా ఉన్నాయా? అది ఖౌష్. పక్కదానికి దారప్పోగుల్లా ఉంటాయి. దాన్ని మేం తినం."

అతను నిలబడే వంగి చూశాడు.

"కళ్ళద్దాలు మోకాళ్ళకు తగిలించుకో నాయనా, పువ్వు అక్కడుంది," అంది పిన్ని.

అతను నవ్వి, మట్టిలో మోకరిల్లి చాలాసేపు చూశాడు. "నిజమే. ఖౌషే," అన్నాడు. అక్క పని అయిపోయిందనుకున్నాను.

అతను కాగితం తీశాడు. "వేరు కూడా కావాలి మేడమ్. లేకపోతే సందేహం అని రాయాలి. ఒక్కటి తీసివ్వండి."

"మీరే తీసుకోండి."

"మేం ముట్టుకోకూడదు. హక్కు మీదే కదా."

"మా ఇంటికి ఈ ఏడు లేదు."

"ఒక్కటే కదండీ. ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడకపోతే ఏదైనా చేస్తావా నువ్వు?" అంది పిన్ని. "మీ అమ్మ పెంపకం అదేనా?"

"అది కాదు అమ్మమ్మా..."

"అమ్మమ్మా అంటే చాలదు. చెప్పింది వినాలి."

దుంప నా అరచేతి కింద జానెడు లోతులో ఉంది. తవ్వడానికి సన్నటి రాయి ఒకటి దొరికితే చాలు. వాలు నిలుస్తుంది. పిన్ని నన్నే చూస్తోంది. అద్దం జేబులో పెట్టుకుని లేచాను.

అతని కాగితంలో తరువాతి గడి వాడుక ఆనవాళ్ళది. "తాజాగా తవ్విన గుంటలు చూపిస్తారా?"

"లేవు. మా అక్క పోయింది కాబట్టి లేవు."

అతను తలూపి రాసుకున్నాడు. అతని భుజం మీదుగా చదివాను: ఈ ఏడాది వాడుక లేదు.

ఇరవై రెండేళ్ళుగా పిల్లల వాక్యాలు దిద్దుతున్నాను. ఈ వాక్యంలో దిద్దడానికి తప్పు లేదు. నాకు కోపం వచ్చింది అందుకే. ఒక మనిషి కోసం మేం చేతులు ముడుచుకుంటే, ఆ ముడుచుకున్న చేతులనే మా మీద సాక్ష్యంగా రాసుకున్నారు. ఆగస్టులో వచ్చి పువ్వు లేదన్నవాళ్ళు, పువ్వు చూపిస్తే వేరు ఏది అన్నారు. వాళ్ళు ముట్టుకోకపోతే అది నిబంధన. మేం ముట్టుకోకపోతే అది వాడుక లేకపోవడం.

వచ్చే మార్చిదాకా ఆగమని ఆఫీసుకు ఉత్తరం రాశాను. నాలుగు వరుసల జవాబు వచ్చింది. జూన్‌లో నిర్ణయమట, ఆ తరువాత వచ్చే ఆధారాలు పరిశీలించరట. మొదటి వరుసలో సంతాపం తెలిపారు. అందులో అక్క పేరు పూర్తిగా రాశారు. ఏడాదిదాకా మేం నోటితో పలకని పేరది. ఉత్తరం చదివి వినిపించమంది పిన్ని. రెండో వరుస నుంచి చదివాను.

"మళ్ళీ రాయి," అంది.

మళ్ళీ రాశాను. ఈరోజు మే ఇరవై ఆరు. జవాబు రాలేదు. వాలు మీద ఆకులు పండుతున్నాయి. పెర్రిన్ ఇచ్చివెళ్ళిన కాగితం నకలులో వేరు గడి ఇంకా నింపలేదు.