గుర్వయ్య కూత

కల్వకుర్తిలో ఎక్కిన ఆటో ఒక చోట ఆగితే, బండి చెడిపోయిందేమో అనుకుంది త్రివేణి. తీరా చూస్తే అదే బోడగుట్టపల్లి. పదిహేను ఇళ్లు, ఒక కిరాణా కొట్టు, దానికీ తాళం. సగం ఊరు పట్నానికి పనికి పోయింది. మిగిలిందంతా ఎర్ర చెల్క భూములు, ఎండిన గడ్డి, ఆకాశం. ఇంత ఆకాశాన్ని ధారాళంగా ఇచ్చిన దేవుడు మనుషుల దగ్గరకొచ్చేసరికి ఎందుకంత పిసినారి అయ్యాడో ఆమెకు అర్థం కాలేదు.

పశువుల దవాఖానలో ఆమెది టీకాలు వేసే ఉద్యోగం. ఊళ్లలో డాక్టరమ్మ అంటారు, ఆమె కూడా కాదనదు. పక్క ఊళ్లో గొర్రెలకు చిటుకు రోగం దిగింది. పొద్దున మేతకు పోయినది సాయంత్రానికి కాళ్లు కొట్టుకుని చస్తుంది. ఇక్కడ మిగిలింది సత్తమ్మ మంద ఒక్కటే. ఆ అరవై గొర్రెలు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఐసు డబ్బాలో ఉన్న మందు మధ్యాహ్నం మూడింటి దాకా ఆగుతుంది. తర్వాత పారబోయాల్సిందే. మళ్లీ ఎప్పుడొస్తుందంటే ఆఫీసులో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

దొడ్డి ఖాళీగా ఉంది. వాకిట్లో సత్తమ్మ, ఆమె కూతురు పుష్ప నిలబడి ఉన్నారు.

"మంద గుట్ట మీదున్నది బిడ్డా," అంది సత్తమ్మ.

"జర జల్ది పిలువు పెద్దమ్మా. ఐసు కరుగుతాంది."

సత్తమ్మ నోటికి చేతులు అడ్డం పెట్టి పొట్టిగా ఒక కూత వేసింది. ఊరి పక్కనే ఉన్న బోడగుట్ట మీద గొర్రెలు మేయడం లేదు. అన్నీ ఒకే బండ వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. మూడు మాత్రం తలలెత్తి, నాలుగడుగులు దిగి, ఆగిపోయాయి.

"రెండు నెలల సంది నేర్పుతున్న. మూడు ఇంటున్నయి," అంది సత్తమ్మ. ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆమె భర్త గుర్వయ్య రెండు నెలల కింద ఆ బండ దగ్గరే కూలిపోయి చనిపోయాడు. అక్కడి గొర్ల కాపరుల్లో ఎవరి కూత వాళ్లది. మంద ఆ ఒక్క కూతకే కదులుతుంది. కాపరి పోతే ఆ కూత కూడా పోయినట్టే, దాన్ని మళ్లీ ఎవరూ ఎత్తరు. వారసులు సొంతంగా కొత్త కూత కట్టుకుని, ఒక్కో గొర్రెకు ఓపిగ్గా నేర్పుకోవాలి.

త్రివేణికి ఓపిక తక్కువ. "రెండు నెలలకు మూడా? మిగిలినయి నేర్చేలోపల రోగమే ముందొస్తది."

పుష్ప తల దించుకుని నెమ్మదిగా అంది: "నాయిన కూత నా ఫోన్ల ఉన్నదక్కా. యాదికొచ్చినప్పుడు చెవికాడ పెట్టుకొని ఇంటుంట."

సత్తమ్మ గిర్రున తిరిగింది. "వద్దు! చచ్చినోని కూత ఎత్తొద్దు. గా కూతకు కదిలేది గొర్లు ఒక్కటే కాదు."

"నువ్వు ఎత్తుతలేవు గద పెద్దమ్మా. ఫోన్ ఎత్తుతాంది," అంది త్రివేణి.

సత్తమ్మ గుట్ట వైపు చూసింది. పక్క ఊళ్లో కుప్పపోసిన గొర్రెలను ఆమె కూడా చూసి వచ్చింది. చివరికి దొడ్డి తడిక తీసి పక్కకు జరిగింది. దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది త్రివేణి.

పుష్ప ఫోను పైకెత్తి పట్టుకుంది. మగగొంతు, పొడుగ్గా సాగి చివర్లో విరిగే కూత. గుట్ట మీద నుంచి మంద మొత్తం ఒక్కసారిగా దిగింది. ఒక్కటీ అరవలేదు. వరుసగా దొడ్డిలోకి వచ్చి నిలబడ్డాయి. పుష్ప తడిక మూసింది.

సూది గుచ్చుతుంటే ఒక్క గొర్రె కూడా బెదరలేదు. తన్నలేదు. నాలుగేళ్ల ఉద్యోగంలో ఇంత బుద్ధిమంతమైన మందను త్రివేణి చూడలేదు. మొదట్లో సంబరపడింది. ఇరవై దాటేసరికి సూది ఆపి చూసింది. టీకా పడిన ప్రతి గొర్రె మెడ తిప్పి ఆ బండ వైపే చూస్తోంది.

చివరి సూది అయ్యేసరికి రెండున్నర. "అయిపోయింది పెద్దమ్మా, ఇగ ఫికర్ లేదు," అంది.

అప్పుడు గుట్ట మీద నుంచి కూత వచ్చింది.

పుష్ప చేతిలో ఫోను ఆరిపోయి ఉంది. అదే గొంతు, అదే విరుపు. కానీ ఫోనులో లేని మాట ఒకటి చివర్లో కలిసింది.

"సత్తీ..."

దొడ్డి తడిక విరిగింది. మంద బయటపడింది. సత్తమ్మ ఆ గొర్రెల మధ్యనే, వాటి నడకతోనే గుట్ట దారి పట్టింది.

"అమ్మా! యాడికే?" పుష్ప పరుగెత్తి చెయ్యి పట్టుకుంది. సత్తమ్మ కూతురి ముఖం చూడను కూడా చూడలేదు. చెయ్యి విదిలించుకుని నడిచింది. త్రివేణికి అర్థమైంది. తప్పు తనదే. వద్దన్న మనిషిని ఒప్పించింది తనే.

పుష్ప దారిలోనే ఆగిపోయింది. ఇక ఆ మందకు వారసురాలు తనే. ఏడుస్తూనే నోటికి చేతులు అడ్డం పెట్టి, తండ్రిదీ తల్లిదీ కాని కొత్త కూత ఒకటి వేసింది. సన్నగా, వంకరగా వచ్చింది. మళ్లీ వేసింది. మళ్లీ. గొంతు బొంగురుపోయేదాకా వేసింది.

ముందు సత్తమ్మ నేర్పిన మూడు గొర్రెలు ఆగాయి, వాటిని చూసి పది. గుట్ట మొదట్లో మంద మొత్తం వెనక్కి మళ్లింది. వాటితో సత్తమ్మ కూడా. వచ్చి దొడ్డిలో గొర్రెల నడుమ గోడకు ఆనుకుని నిలబడింది.

"అమ్మా, ఇంట్లకు పోదాం రా," అంది పుష్ప. సత్తమ్మ పక్కనున్న గొర్రెకు మరింత దగ్గరగా జరిగింది.

"అమ్మా, నేనే. పుష్పను."

సత్తమ్మ చూపు నేల మీదే ఉంది. పుష్ప చున్నీతో కళ్లు తుడుచుకుని, త్రివేణి వైపు ఒక్కసారి చూసి, తల్లి చెవి దగ్గర తన కొత్త కూతను మెల్లగా వేసింది.

అరవై గొర్రెలతో పాటు సత్తమ్మ కూడా తలెత్తింది.