హుండీలో వేసిన ఉత్తరాలు

గన్నవరం అవతల ఆ ఊళ్లో పాల సంఘం ఎన్నికల ముందు ఎమ్మెల్యే ఎన్నికలు బలాదూరు. పదిహేనేళ్లుగా సంఘానికి అధ్యక్షురాలు ఛాయాదేవి. అధ్యక్షురాలన్నది కాగితాల మీద మాట, నడిచింది రాణీగారి ఏలుబడే. ఆవిడ గేటు దాటి లోపలికొస్తుంటే క్యాన్లు మోసేవాళ్లు గబగబా బీడీలు ఆర్పేసేవాళ్లు. అలాంటి మనిషి మీద ఈసారి తిరుపతిరావు పోటీకి దిగాడు. వరసకు మరిది, పైగా అమ్మవారి గుడి కమిటీ మెంబరు. ఇంకేముంది, ఊరు రెండుగా చీలి యుద్ధం మొదలైంది. ఎదురుపడితే పలకరింపులు కూడా బందు.

ఆ గుడి హుండీ ఏడాదికోసారి విప్పుతారు. అందులో ఉత్తరాలు కూడా వస్తాయి. పెళ్లి కుదర్చమనీ, పరీక్ష గట్టెక్కించమనీ జనం అమ్మవారికి రాసుకుంటారు. వాటిని ఎవరూ చదవకుండా వాడిన పూలతో కలిపి కాలవలో వదలడం ఆనవాయితీ. ఈ ఏడు మాత్రం తిరుపతిరావు కళ్లు పదకొండు కాగితాల మీద పడ్డాయి. పాల సంఘం పాత రసీదుల వెనకవైపు రాసిన ఉత్తరాలవి. ఎవరు రాశారో అని బుర్ర గోక్కోవలసిన పనే లేదు. అర్చనకు చెప్పినట్టు, ప్రతిదాని మీదా గోత్రం, పేరు, ఇంటిపేరు! ఊళ్లో ఛాయాదేవులు ఇద్దరున్నారు మరి, అమ్మవారు పొరబడి వరం రెండో ఆవిడకిస్తే? అదీ మన రాణీగారి భయం.

తిరుపతిరావు ఆలస్యం చెయ్యలేదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సుకు పరిగెత్తి, చేతిరాత ఫొటోలతో సహా 'రాణీగారి రహస్య లేఖలు' అని పుస్తకం వేయించాడు. ఎన్నిక మూడు రోజులుందనగా, పొద్దున్నే పాలు పొయ్యడానికొచ్చిన ప్రతి చేతిలోనూ ఒకటి పెట్టాడు. మైకు పట్టుకుంటే కాళ్లు వణుకుతాయనీ, తిరుపతిరావు గేదెలు ఒట్టిపోవాలనీ ఆవిడ రాసుకున్నవి చదివి జనం పడీ పడీ నవ్వారు. ఆఖరి ఉత్తరం దగ్గరికొచ్చేసరికి మాత్రం నవ్వులు ఆగిపోయాయి.

'అమ్మా, వెన్న శాతం చూసే మిషను గురించి మా అమ్మాయి వినీల చెప్పిందే నిజం. మిషను తక్కువ చూపించి, పాలు పోసేవాళ్లకు డబ్బు తగ్గేది. పిల్ల మీటింగులో లేచి ఆ మాటంటే, నలుగురిలో దాన్ని నోర్మూసుకోమన్నాను. తర్వాత నిజం తెలిసి గుట్టుగా కొత్త మిషను తెప్పించాను గానీ, తప్పు ఒప్పుకోడానికి నోరు పెగల్లేదు. పిల్ల గుమ్మం తొక్కి నాలుగేళ్లయింది. ఎలాగైనా దాన్ని నా దగ్గరికి పంపించు తల్లీ.'

ఛాయాదేవి ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని కుక్కిన పేనులా కూర్చుంది. తమ్ముడు వెంకటకృష్ణారావు మాత్రం నిలవలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! ఎవరన్నా హుండీలో ఉత్తరాలేస్తారా అక్కా? సర్లే, అయిందేదో అయింది. రేపు మీటింగులో ఇవి దొంగ ఉత్తరాలని ఒక్క మాట అనెయ్. మన ముప్పై ఓట్ల మెజారిటీ ఎక్కడికీ పోదు."

అంతలో ఆవిడ ఫోను మోగింది. వినీల! డెయిరీ టెక్నాలజీ చదివి, విజయవాడ పటమటలో ఉంటూ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఆ పిల్ల గొంతు విని నాలుగేళ్లు.

"అమ్మా, పుస్తకం వాట్సాప్‌లో చూశాను. అది నువ్వే రాశావా?"

"వినీలా..."

"ఇప్పుడు చెప్పొద్దు. నన్ను నలుగురిలో అన్నావు. నలుగురిలోనే చెప్పు. రేపొస్తా."

మర్నాడు సాయంత్రం పాల సంఘం షెడ్డులో ఇసకేస్తే రాలనంత జనం. తమ్ముడు రాసిచ్చిన కాగితం పట్టుకుని ఛాయాదేవి మైకు ముందుకొచ్చింది. కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి. వెనక, క్యాన్ల పక్కన, హెల్మెట్ చేత్తో పట్టుకుని వినీల నిలబడింది. చిక్కిపోయింది పిల్ల. ఆవిడ కాగితం మడిచేసింది.

"ఆ ఉత్తరాలు రాసింది నేనే. మిషను తప్పు చూపించింది నిజం. తెలిసీ మీ దగ్గర దాచాను, క్షమించండి. వినీలా, నువ్వు చెప్పిందే నిజమమ్మా. నాదే తప్పు."

వెంకటకృష్ణారావు తల పట్టుకున్నాడు. పాలు పోసేవాళ్లు లేచి నానా మాటలూ అన్నారు. అంటారు మరి, అనరా? ఆవిడ ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా అన్నీ నిలబడి వింది. క్యాన్ల వైపు చూసేసరికి అక్కడ వినీల లేదు.

రెండు రోజుల తర్వాత ఛాయాదేవి తొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. ఓట్ల లెక్క అయ్యేసరికి వినీల స్కూటీ గేటు దగ్గర ఆగి ఉంది, ముందు కొక్కేనికి బట్టల సంచి తగిలించి ఉంది. అది చూసిన ఛాయాదేవి తిన్నగా తిరుపతిరావు దగ్గరికి నడిచింది. దండలు వేయించుకుంటున్న ఆ పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"చల్లగా ఉండవయ్యా. నీ మేలు మర్చిపోను."

"వెటకారమా వదినా?"

"అమ్మవారి తోడు, వెటకారం కాదు. ఆ మాట బిడ్డతో చెప్పలేక నాలుగేళ్లు ఏడ్చాను. నువ్వు అచ్చేసి మరీ చేరవేశావు."

తిరుపతిరావు ఆవిడ వంక ఎగాదిగా చూశాడు. ఓట్లు వచ్చింది తనకు, వెలిగిపోతున్నది ఆవిడ మొహం. మెడలో దండ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

వినీల స్కూటీ వెనక సీటు తుడిచి తల్లిని ఎక్కించుకుని ఇంటివైపు తిప్పింది. ఊరి మలుపు తిరిగాక అడిగింది.

"మొన్న మైకు ముందు భయమేసిందా అమ్మా?"

"చచ్చేంత."

"ఓడిపోతావనా?"

"కాదే. అంతా చెప్పేశాక కూడా నువ్వు ఇంటికి రావేమోనని."

వినీల బండి పక్కకు తీసి ఆపింది. వెనక్కి తిరక్కుండానే తల్లి రెండు చేతులూ లాక్కుని తన నడుం చుట్టూ గట్టిగా వేసుకుంది.