స్వాప్ నిండిన పూట

ఇంతకీ తినేస్తున్నది ఎవరు, మెమరీ చాలనప్పుడు సర్వర్ సామాన్లు దించుకునే డిస్కు మూల, ఆ స్వాప్, అంచుదాకా నిండిపోయింది, ప్రోగ్రాముల మామూలు జాబితాలో ఎవరిదెంతో కనబడదు, మౌక్తిక ఒక్కో ప్రోగ్రామూ తెరిచి అది స్వాప్‌లో ఎంత ఆక్రమించిందో చూస్తోంది, కింద భవానీపూర్ రోడ్డు మీద కండక్టర్ కేక, గాజు తలుపు అవతల సూరన్న, టికియాపారా స్టేషన్లో పనిచేసే రైల్వే మనిషి, ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో తెలుగమ్మాయి ఉందని ఎవరో చెబితే మెట్లెక్కి వచ్చాడు, ఏటమ్మా, బ్లడ్ బ్యాంకోళ్లు కంప్యూటర్ కదల్నేదంతన్నారు, మా అమ్మాయి నాగేశ్వరికి ఆపరేషను, ఓ నెగటివ్ నెత్తురు కావాలంట, ఉండు బాబాయ్ చూస్తున్నా అంది, చూడటం తప్ప ఏం చేస్తోంది, ఇదిగో, అందరికంటే ఎక్కువ స్వాప్‌లో ఉన్నది బ్లడ్ బ్యాంకు ప్రోగ్రామే, అయితే తప్పు దీనిదేనా, కాదు, దీన్ని ఎవరో మెమరీలోంచి బయటికి నెట్టేశారు, ఎవరు, అదుగో ఏడాది రిపోర్టు, పొద్దున పై అధికారి జయంత్‌దా మొదలుపెట్టింది, మెమరీ అంతా పరుచుకుని కూర్చుంది, ఫోన్ చేస్తే జయంత్‌దా మీటింగులోంచి గొంతు తగ్గించి, దాన్ని ఆపకు, పెద్దవాళ్లంతా దానికోసమే కూర్చున్నారు, దాదా, కింద ఒకమ్మాయికి రక్తం కావాలి, చేత్తో రాసి ఇమ్మను, ఏ గ్రూపు సంచి ఉందో ఆ స్క్రీనే కదా చెప్పాలి దాదా, కాసేపు ఆగు, అంతే, లైన్ కట్.

ఆగడం, సూరన్న తువ్వాలు మెలిపెడుతున్నాడు, మౌక్తిక తమ్ముడు పుట్టినప్పుడు విజయనగరం ఆసుపత్రి వరండాలో నాన్న కూడా ఇలాగే చొక్కా అంచు మెలిపెడుతూ, నర్సు కనబడితే లేచి, ఆమె వెళ్లిపోతే కూర్చుని, ఎవరినీ గట్టిగా అడగలేక, ఉద్యోగం పోతుందేమో, పోతే ఈ ఊళ్లో గది అద్దె, ఇంట్లో ఏం చెప్పాలి, కాసేపంటే ఎంతసేపు, అనుకుంటూనే రిపోర్టును చంపేసింది, అయినా బ్లడ్ బ్యాంకు ప్రోగ్రాం ఒక్కసారిగా లేచి రాదు, డిస్కులోంచి ముక్కముక్కగా వెనక్కి రావాలి, రా తల్లీ రా, తొందరపెట్టడానికి తన దగ్గర ఏమీ లేదు.

బ్లడ్ బ్యాంకు కౌంటర్ నుంచి ఫోను, దీదీ, ఖుల్ గయా, తెరుచుకుంది, కానీ ఓ నెగటివ్ లేదు దీదీ, ఒక్క సంచి కూడా, రాత్రే అయిపోయింది, తలుపు తోసుకుని సూరన్న, కదిలినాదా అమ్మా, కదిలింది బాబాయ్, ఆ మాటకే అతని ముఖం తేటపడింది, పొద్దున్నే ఆ స్క్రీన్ తెరుచుకుని ఓ నెగటివ్ లేదని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఈపాటికి ఇతను ఇంకో బ్లడ్ బ్యాంకు నుంచి సంచి పట్టుకుని వస్తూ ఉండేవాడు.