ఖాదర్‌బీ గడప

కంకర పనికి పోయే ట్రాక్టరు ఆత్మకూరు మెయిన్ రోడ్డు మీద హారను కొట్టేసరికి ఖాదర్‌బీ పొయ్యి మీద నుంచి రాగి గంజి దించేసేది. గంజి ఆరేలోపు తల్లులు వచ్చేవాళ్లు. కంకర కూలికి పోయే చెంచమ్మ, ఆస్పత్రిలో ఆయా పని చేసే ఆమె, ఇడ్లీ కొట్టు నడిపే ఆమె. చంకలో బిడ్డ, చేతిలో మారుగుడ్డలు. బిడ్డను గడప బయట నుంచి అందిస్తే ఖాదర్‌బీ లోపల నుంచి అందుకునేది. బిడ్డ కాసేపు రాగం తీసేది. ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక రాగమూ తగ్గేది, గంజీ ఆరేది.

ఆ గది వీధి మొహాన ఉంది. గడప దాటితే ఒక మెట్టు, మెట్టు దిగితే రోడ్డు. రోడ్డు మీద నెల్లూరు బస్సులు, మర్రిపాడు వైపు పోయే లారీలు. అలాంటి చోట పాకే పిల్లల్ని పెట్టుకుని ఒక్క మనిషి ఎలా నెగ్గుకొస్తుందని కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే, వీధివాళ్లు గడప వైపు చూపించేవాళ్లు. పసిబిడ్డ ఎవరైనా ఒంటరిగా బయటికి పోబోతే ఆ గడప లేచేది. పాకే బిడ్డకు మూరెడు, నడిచే బిడ్డకు గడ్డమెత్తు. పెద్దవాళ్లెవరైనా చెయ్యి పట్టుకుంటే మళ్లీ మామూలుగా అణిగిపోయేది. కొత్తవాళ్లు ఓహో అనుకుని తమ దారిన పోయేవాళ్లు.

దాన్ని చేసింది ఖాదర్‌బీ మొగుడు రసూల్. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే మనిషి. ఆత్మకూరులో అయితే గిరాకీ ఉంటుందని పెళ్లాంతో వచ్చి ఈ గది అద్దెకు తీసుకునేనాటికి పాత గడప చెద పట్టి ఉంది. ఇంటాయన బాగు చేయించే రకం కాదు. రసూలే ఉదయగిరి కొండ కొయ్య తెప్పించుకుని, ఉలి పట్టి, గరిటె చెక్కినంత నున్నగా గడప చెక్కి బిగించాడు. వాళ్లకు పిల్లలు నిలవలేదు. నిలిచిన ఒక్క బిడ్డా, పాకే ఈడులో, ఉదయగిరి ఇంటి మెట్ల మీద నుంచి దొర్లి చనిపోయింది. గడప చెక్కుతున్నంతసేపూ రసూల్ ఆ బిడ్డ ఊసు ఎత్తలేదు. తర్వాత దగ్గు పట్టుకుని ఏడాది తిరగకుండా ఆయనా పోయాడు. ఒంటరిదైన ఖాదర్‌బీ దగ్గర ముందుగా చెంచమ్మ తన కూతురు కామమ్మను వదిలి పనికి పోయింది. ఆ బిడ్డను చూసి మిగతావాళ్లు వచ్చారు. రెండు పూటలా తిండికి లోటు లేకుండా పోయింది.

ఇంటాయన గోవిందయ్యది పక్క సందులో నుంచి లోపలికి పోయే వెనక భాగంలో కాపురం. రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయిన మనిషి. కాయితం లేనిదే కాకి కూడా అరవకూడదని ఆయన నమ్మకం. చెడ్డవాడు కాదు. కాని భయం ఎక్కువ, ఆ భయానికి పద్ధతి అని పేరు పెట్టుకున్నాడు. భార్య ఆదిశేషమ్మకు పిల్లలు లేరు. పొద్దున పూట ముందు గదిలో నుంచి ఏడుపులు వినపడితే ఏదో ఒక పని కల్పించుకుని అక్కడికి పోయి కూర్చునేది. శుక్రవారం ఆ గడపకు కూడా తనే పసుపు రాసేది. ఖాదర్‌బీ వద్దనేది కాదు. ఎ.ఎస్.పేట దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు వాకిట్లో కట్టుకుంటే ఆదిశేషమ్మ కూడా ఏమీ అనేది కాదు.

పిల్లల లెక్క పెరిగేసరికి గోవిందయ్య ఒకరోజు గది ముందుకొచ్చి నిలబడ్డాడు. కాపురానికని గది ఇచ్చానుగాని పిల్లల్ని సాకడానికి ఇవ్వలేదని, ఆఫీసువాళ్ల పర్మిషన్ తెచ్చుకుంటే తనకేమీ అభ్యంతరం లేదని చెప్పాడు. ఖాదర్‌బీ తలూపి, పిల్లల్ని ఆదిశేషమ్మకు ఒప్పజెప్పి, పంచాయతీ ఆఫీసుకు పోయింది.

అక్కడి గుమాస్తా మంచివాడే. హోటలుకు పర్మిషన్ ఉంది, రైసు మిల్లుకు ఉంది, టెంటు సినిమాకు ఉంది, చివరికి బర్రెల కొట్టానికి కూడా ఉంది. పిల్లలకు మాత్రం లేదు. పాపం చాలాసేపు వెతికాడు. బర్రెల కొట్టమని రాసుకుపోతావా అని కూడా అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. అయితే పైనున్న సమితి ఆఫీసుకు పొమ్మన్నాడు. సమితి ఆఫీసులో విని, సొంత ఇల్లా అద్దె ఇల్లా అన్నారు. అద్దె ఇల్లయితే ముందు ఇంటి ఓనరు ఒప్పుకున్నట్టు కాయితం తెమ్మన్నారు.

ఓనరు ఆఫీసు కాయితం అడుగుతాడు, ఆఫీసు ఓనరు కాయితం అడుగుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటూ కూర్చున్నారు. ఖాదర్‌బీ ఎండలో తిరిగి తిరిగి ఇంటికొచ్చి, గోవిందయ్యతో ఆ మాటే చెప్పింది. మీరు ఒక్క ముక్క రాసిస్తే చాలంట అయ్యా అని.

రాసిచ్చేవాడేనేమో. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర ఎవడో అన్నాడు, అద్దె ఇంట్లో యాపారం చేసేవాడికి ఓనరు చేత్తో రాసిచ్చాడంటే ఇక ఆ ఇల్లు మర్చిపోవాల్సిందేనని. గోవిందయ్యకు టీ సహించలేదు. తెల్లారి గడప దగ్గరికొచ్చి, నెలాఖరు నుంచి పిల్లలు ఉండకూడదన్నాడు.

"వానలు పడిందాకన్నా ఉండనీండి అయ్యా" అంది ఖాదర్‌బీ. "చెంచమ్మ బిడ్డకు ఇప్పుడే నడక వచ్చినాది. యాడంటే ఆడికి పోతాది. పనికాడ పెట్టుకోలేదు."

"ఎవరి బిడ్డను వాళ్లు చూసుకోవాల. రేపు ఏదన్నా అయితే కోర్టులో నిలబడేది నేను గదా."

"ఏం కాదయ్యా, గడప ఉండాది గదా."

"గడప లేస్తాదని నాకూ తెలుసు. దానికి మాత్రం పర్మిషన్ యాడుండాది?"

కామమ్మ ఆ సమయానికి ఖాదర్‌బీ కొంగు వదిలి వాకిలి వైపు తప్పటడుగులు వేసింది. గడప లేచింది. బిడ్డ దాని మీద గడ్డం ఆనించి, అవతల నిలబడ్డ గోవిందయ్యను చూసి నవ్వింది. గోవిందయ్య మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వును ఆయన తర్వాత చాలా ఏళ్లు మర్చిపోలేదు.

ఆదిశేషమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. ఫలితం లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదించగలరు? పిల్లలు లేకపోతే ఖాదర్‌బీకి ఆత్మకూరులో పనేముంది? ఉదయగిరిలో తమ్ముడి పంచకు ప్రయాణమైంది. సామాను బస్సు మీదికి ఎక్కిస్తుంటే, ఆ గడప నీ మొగుడు చేసిందే గదా, ఊడదీసుకుని పో అని వీధివాళ్లు అన్నారు. ఖాదర్‌బీ ఆదిశేషమ్మ వైపు చూసింది.

"గడప తీసిన ఇంట్లో దీపం నిలవదంటారు గదక్కా. మీకు అట్టాంటిది చేస్తానా?" అంది.

చెంచమ్మ బిడ్డను పనికాడికి తీసుకుపోయింది. తుమ్మ చెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పడుకోబెట్టి, కంకర మోయడానికి పోయింది. బిడ్డ నిద్ర లేచింది. నడక వచ్చిన బిడ్డ, ఉయ్యాలలో ఎందుకుంటుంది? దిగి, వెనక్కి వస్తున్న ట్రాక్టరు వైపు నడిచింది. అక్కడ గడప లేదు. ప్రాణం దక్కింది గాని ఎడమ కాలు మోకాలి కింద నలిగిపోయింది. అతికిన ఎముక వంకరగా అతికింది.

ఆ కబురు విన్న రోజు గోవిందయ్య టీ కొట్టు వైపు పోలేదు. భార్య ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ముందు గదికి తాళం వేశాడు, మళ్లీ ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు. కామమ్మ పెద్దదై ఆ వీధిలోనే బడికి పోయేది. ఆ కుంటి నడక చప్పుడు ఆయనకు దూరం నుంచే తెలిసేది. ఒకడుగు గట్టిగా, ఒకడుగు ఈడుస్తూ. వినగానే పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

కొన్నేళ్లకు ఉండబట్టలేక, ఎవరూ అడగకుండానే, ముందు గదిలో పిల్లల్ని సాకడానికి నాకు సమ్మతమేనని తెల్ల కాయితం మీద తన ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, ఉదయగిరి బస్సెక్కాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకూ తెలుసు. అయినా పోయాడు.

ఖాదర్‌బీ తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని, కొత్త స్పూన్లను గుడ్డతో రుద్దుతోంది. వేళ్లు వంకర్లు పోయాయి. ఆయన్ని గుర్తుపట్టి, లేచి, మంచం వాల్చి, టీ పెట్టించింది. కాయితం ఏమిటో చెబితే విని నవ్వింది.

"ఇప్పుడేం చేసుకునేదయ్యా? బిడ్డల్ని ఎత్తే చేతులు పోయినాయి. స్పూనే జారిపోతా ఉండాది." తర్వాత అడిగింది, "చెంచమ్మ బిడ్డ బాగుండాదా? నడస్తా ఉండాదా?"

గోవిందయ్య టీ గ్లాసులోకి చూశాడు. బస్సులో వచ్చినంతసేపూ చెప్పాలనుకున్న మాట ఒకటుంది.

"నడస్తా ఉండాది" అన్నాడు.

"అల్లా సల్లగా చూడాల" అంది ఖాదర్‌బీ.

ఇంటికొచ్చి ముందు గది తాళం తీసి, మంచం అక్కడికి మార్పించుకున్నాడు. ఆ తర్వాత ఒక వానాకాలంలో ఖాదర్‌బీ పోయిందని కబురొచ్చింది. ఆ రోజు ఆయన గడప పక్కన గోడకు చేరగిలబడి చీకటి పడేదాకా కూర్చున్నాడు.

ఒకనాటి పొద్దున ఉదయగిరి బస్సు హారను వినపడింది. గోవిందయ్య చొక్కా వేసుకోకుండానే గబగబా వాకిలి వైపు నడిచాడు. గడప లేచింది. ఆయన నడుముకు తగిలి ఆగింది. అవతల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. ఆయన రెండు చేతులూ గడప మీద ఆనించి, పసిబిడ్డలాగా బయటికి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

కాఫీ గ్లాసుతో వచ్చిన ఆదిశేషమ్మ అది చూసింది. ఈమధ్య మొగుడు తిన్న అన్నం తినలేదనడం, తనని పట్టుకుని ఎవరమ్మా నువ్వు అనడం, అన్నీ ముసలితనపు పరాకు అనుకుంటూ వచ్చింది. గడప మాత్రం ఎన్నడూ పొరబడలేదు. గ్లాసు కింద పెట్టి, అక్కడే చతికిలబడి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని పోయి ఆయన చెయ్యి పట్టుకుంది. గడప అణిగింది.

అప్పటి నుంచి ఆయనది ఒకటే పాట, ఉదయగిరికి పోవాలి, ఖాదర్‌బీకి ఒక మాట చెప్పాలి. ఏం మాట అంటే తెలియదు. ఆదిశేషమ్మ మోకాళ్లు బస్టాండు దాకా మోయవు. గడప వెనక నిలబడి, దారిన పోయే వాళ్లందరినీ, పర్మిషన్ ఇస్తారా అని ఆయన అడిగేవాడు. జనం జాలిగా చూసి పోయేవాళ్లు.

ఒక ఆదివారం కామమ్మ ఆ దారిన వచ్చింది. ఆ పిల్లకు ఈ ఇంటి సంగతంతా తల్లి చెప్పే ఉంది. ఆదిశేషమ్మ ఆ కాలి వైపు చూసి తల దించుకుంది.

"పర్మిషన్ ఇస్తావా పాపా?" అన్నాడు గోవిందయ్య.

కామమ్మ పోదామా వద్దా అన్నట్టు రోడ్డు వైపు ఒకసారి చూసింది. తర్వాత మెట్టెక్కి, లోపలికి చెయ్యి చాపింది.

"రా తాతా. బస్టాండు దాకా పోయి, బస్సు చూసి వద్దాం."

ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు. గడప అణిగింది. ఎప్పటిలాగా జానెడెత్తున ఆగలేదు. ఆ పిల్ల కాలు ఎత్తాల్సిన పని లేకుండా నేలకు సమంగా పరుచుకుంది. ఇద్దరూ మెట్టు దిగారు. ఒకడుగు గట్టిగా, ఒకడుగు ఈడుస్తూ. గోవిందయ్య ఆ చప్పుడు విని ఆగి, కిందికి చూశాడు.

"కాలికేమైనాది పాపా?"

"చిన్నప్పుడు అమ్మ పనికాడ ట్రాక్టరు ఎక్కినాది తాతా."

"అయ్యో. చిన్నబిడ్డను అట్టాంటి చోటికి తీసకపోతారా? ఎవరింట్లోనన్నా వదలకూడదా?"

"చూసుకునే అవ్వ ఉండేదంట. ఆమెకు ఇల్లే లేకపోయినాదంట."

గోవిందయ్యకు చాలా కష్టమనిపించింది. ఆ పిల్ల తల నిమిరి, వెనక్కి తిరిగి, తెరిచి ఉన్న ముందు గదిని చూపించాడు.

"మా ఇల్లుండాదే. మమ్మల్ని అడక్కపోయినారా? అడిగుంటే ఇచ్చేవాళ్లం గదా."

కామమ్మ లారీ ఒకటి వస్తుంటే ఆయన్ని తన కుడి వైపుకు, రోడ్డుకు దూరంగా మార్చుకుని, చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆదిశేషమ్మ వాకిట్లో నుంచి వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, గడపకు పసుపు రాయడానికి కూర్చుంది.