బండి వచ్చే రోజు

బండి వచ్చే రోజున మా కచేరీలో ఎవరూ కుర్చీలోంచి లేవరు. తిండి ఒళ్ళోనే పెట్టుకుని తింటారు. అవసరానికి వెళ్ళాల్సొస్తే పళ్ళు బిగబట్టుకుని కూర్చుంటారు. మనిషి కూర్చుని ఉండగా అతని కిందనుంచి కుర్చీ లాగకూడదని నియమం. దార్వెనియా సామ్రాజ్యంలో గుమాస్తాకి దక్కిన ఒకే ఒక్క హక్కు అది. దాన్ని మేం రెండు చేతులా పట్టుకుని కూర్చుంటాం.

మా వంతెనల శాఖలో బదిలీ గానీ, పెద్ద ఉద్యోగం గానీ కాగితం మీద రాదు. చేరి ప్రమాణం చేసిన రోజున ఒక కుర్చీ ఇస్తారు. ఆ తర్వాత కుర్చీ ఎక్కడికి వెళ్తే మనిషి అక్కడికి వెళ్ళాలి. తెల్లవారుజామున, మేం రాకముందు, మోతగాళ్ళు దాన్ని ఎత్తుకుపోతారు; లెక్క తక్కువైతే పగలు కూడా, ఖాళీగా కనబడినదాన్ని. పై అంతస్తుకి ఎక్కించారా, జీతం పెరిగినట్టు. పెరట్లోకి దించారా, ఆ మధ్యాహ్నమే బండెక్కి స్లాత్వ ఉప్పుమళ్ళకి పోవాల్సిందే. పెళ్ళాం పిల్లలు వెనకాలే రావాలి. అక్కడ ఏడాది పొడుగునా జ్వరాలు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని నేను చూడలేదు. పైకో కిందకో, అన్నాలవేళ దాటాక మోతగాళ్ళు వచ్చి పిలిచే దాకా తెలియదు. అప్పటిదాకా బల్ల దగ్గర నిలబడి పని చేసుకోవాలి. ఎవరూ అడగకూడదు.

ఆ రోజు ముసురు పట్టింది. నేను మూడో గదిలోకి అడుగుపెడుతూనే, అందరిలాగే, ముందు నా కుర్చీ వైపు చూశాను. ఉంది. ఊపిరి పీల్చుకుని కూర్చున్నాక చూశాను, పక్కన దెసాంకా నిలబడి ఉంది. ఆమె బల్ల వెనకాల ఖాళీ.

కిటికీ పక్కన ఉండేవి మా రెండు కుర్చీలే. దెసాంకా మొగుడు మా శాఖలోనే మేస్త్రీ, వంతెన కడుతూ నదిలో పడి పోయాడు. అందుకు బదులుగా ఈమెకి గుమాస్తా ఉద్యోగమిచ్చారు. చిన్న పిల్లాడున్నాడు, మిలె అని. ఆమె కుర్చీకి ఎడమ చెయ్యి విరిగితే పిల్లాడి పాత ఎర్ర దుప్పటి ముక్క చింపి కట్టుకుంది. పని నేర్పింది నేనే. మొదటి పాఠం అందరికీ చెప్పేదే చెప్పాను.

"అడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది ఒక్క ముక్క చెప్పకు."

"చెబితే ఏమవుతుందేం?"

"మా కాలంలో ఒకడుండేవాడు. టైమెంతయిందని పైఅధికారి అడిగితే, టైము చెప్పి ఊరుకోక, గోడ గడియారం కాస్త వెనక నడుస్తోందండీ అన్నాడు. అది గడియారాల శాఖ మీద ఫిర్యాదయి కూర్చుంది. వాడిప్పుడు ఉప్పు తవ్వుకుంటున్నాడు."

అప్పుడు పడీ పడీ నవ్వింది. తర్వాత ఎవరైనా ఏదైనా అడిగితే నా వైపు ఒక చూపు చూసి, తూచినట్టు జవాబు చెప్పేది. నాకు గర్వంగా ఉండేది కూడా.

ఇవాళ ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా గది అధికారి పంతెలియా వచ్చాడు. దెసాంకాని ఏనాడూ 'ఏమ్మా' అని తప్ప పిలిచి ఎరగడు. ఇవాళ ఖాళీ చోటు చూసి ఒక్కసారి ఆగిపోయాడు. రేపు ఈమె తన నెత్తిన కూర్చోవచ్చు.

"దెసాంకాగారూ, చలిగా ఉందాండీ? కిటికీ వెయ్యమంటారా?" అన్నాడు. అంతలో ఈమె కిందకి పోయేదైతే ఈ మర్యాద తన మెడకి చుట్టుకుంటుందని తోచినట్టుంది. "వెయ్యకపోయినా ఏం లేదులే," అని గొణిగి తన కుర్చీలోకి గబగబా పోయి పడ్డాడు. వేరే రోజైతే నవ్వుకునేవాళ్ళం. ఇవాళ ఒక్కరూ తలెత్తలేదు.

"అన్నయ్యా," అంది దెసాంకా, పెదాలు కదపకుండా. "పైకా, కిందకా?"

"పైకేనమ్మా. నీ దస్తూరీ చూసి మెచ్చుకుని ఉంటారు."

"అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. నాకు తెలీదనుకోకు."

నేను చెవుల మీదకి టోపీ లాక్కున్నాను.

"నాకేమైనా ఫర్వాలేదు," అంది. "మిలెకి పోయిన చలికాలం మామూలు జ్వరమొస్తేనే గుప్పెడు ఎముకలు మిగిలాడు. ఆ ఉప్పు బురద బాడవల్లో నెల రోజులు కూడా బతకడు అన్నయ్యా."

ఆ పిల్లాణ్ణి తలుచుకుంటే బాధేసింది. అయినా దాచడమెందుకు, ఆ బాధ అడుగున ఇంకోటి ఉంది. నాది కాదు కదా అన్న సంతోషం. మా ఆవిడ స్తానాకి ఊపిరితిత్తులు మంచివి కావు. మంచు పడిందంటే రాత్రంతా గోడకి జారబడి కూర్చుని దగ్గుతుంది. ఉప్పుమళ్ళ గాలి ఆమెని ఎన్నాళ్ళు బతకనిస్తుంది? కుర్చీ చేతుల్ని తడుముకుంటూ, నాది కాదు, నాది కాదు అనుకుంటూ పొద్దుటిపూటంతా గడిపాను.

మధ్యాహ్నమయ్యేసరికి ఆమె కాళ్ళు వణకడం చూశాను. పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. బండి ఒక గదిలోంచి ఒక్క కుర్చీనే తీసుకుపోతుంది, ఎప్పుడూ అంతే. ఇవాళ మా గది వంతు అయిపోయింది. ఆమెది పైకి వెళ్ళి ఉంటే మటుకు ఇంకోటి దిగాలి కదా అన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆ మొహం చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు. వీధి చివర కొట్లో వేడి వేడి బురెక్ రొట్టె ఒకటి పట్టుకొస్తే, రెండు ముక్కలు తింటుంది.

నేను లేచేసరికి గదంతా నన్నే చూసింది. బండి వచ్చే రోజున లేచినవాడు లేడు.

"ఎక్కడికి?" అన్నాడు పంతెలియా.

"బయటికండీ," అన్నాను. అడిగింది అంతే కాబట్టి.

కొట్లో జనం ఉన్నారు. జున్ను పెట్టి మడిచిన బురెక్ పొయ్యిలోంచి తీసి, నూనె కారుతున్న పొట్లం చేతికిచ్చాడు. కోటు లోపల పెట్టుకుని వానలో పరుగులాంటి నడక నడిచాను. మెట్లెక్కి తలుపు తీశాను.

దెసాంకా కూర్చుని ఉంది.

తన కుర్చీలోనే. ఎర్రగుడ్డ తడిసి నీళ్ళు కారుతోంది. ఆమె గౌను అంచుకి పెరటి బురద. కుర్చీ చేతుల్ని పట్టుకున్న వేళ్ళు తెల్లబడిపోయాయి. నా బల్ల వెనకాల ఏమీ లేదు.

ఒక చేత్తో తలుపు పట్టుకున్నాను. పొట్లం మాత్రం వదల్లేదు.

"దెసాంకా, ఇదేమిటమ్మా?"

"నా కుర్చీ నాకు దొరికింది," అంది. నా వైపు చూడలేదు. "మెట్ల కిటికీలోంచి కనబడింది. పెరట్లో. వానలో. మోతగాళ్ళు అన్నాలకి వెళ్ళారు..."

వెనకనుంచి ఎవరో దగ్గారు. మోతగాడు గ్లిషా, గొంతుదాకా బొత్తాలు పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్దవాడు, నాకు ఎప్పట్నుంచో తెలుసు.

"రండి బాబూ, పోదాం," అన్నాడు.

"గ్లిషా, పొద్దున మీరు దించింది ఎవరి కుర్చీ?"

"ఎవరిదో చూడకూడదండీ మేము. మూడో గది, కిటికీ పక్కది ఒకటి అన్నారు, దించాం. తిని వచ్చేసరికి మాయమైంది. బండి ఖాళీగా పంపిస్తే ఆ బండిలో నన్నెక్కిస్తారు. పైకొచ్చి చూశాను. కిటికీ పక్క ఒకదాంట్లో మనిషి ఉంది, ఒకదాంట్లో లేదు." నేల చూపులు చూశాడు. "నామీద కోపం పెట్టుకోకండి. ఏమైనా ఉంటే ద్వారం దగ్గర అధికారికి చెప్పుకోండి. అక్కడైతే వింటారు."

గదిలో అందరూ కాగితాల మీద వంగి రాసుకుంటున్నారు. పంతెలియా బల్ల సొరుగులో తల దూర్చి దేనికోసమో వెతుకుతున్నాడు. అరుద్దామనుకున్నాను. ఈ ఆడమనిషి పెరట్లోంచి కుర్చీ ఎత్తుకొచ్చింది, పోవాల్సింది ఈమె అని అరుద్దామనుకున్నాను. మనిషిని కొట్టేంత కోపమొచ్చింది. నీ కోసం లేచానే, నీ ఆకలి కోసం!

ఆమె అప్పుడు తలెత్తింది. "అన్నయ్యా" అనలేదు, క్షమించమనలేదు. కళ్ళు మాత్రం కొట్టుకుపోతున్న మనిషి కళ్ళలా ఉన్నాయి. కుర్చీ మీద చేతులు మటుకు వదల్లేదు.

ద్వారం దగ్గర చెబుతాను, అనుకున్నాను. పద్ధతిగా, గొంతు పెంచకుండా. మెట్లు దిగుతూ మాటలు పేర్చుకున్నాను. అయ్యా, పొరపాటు జరిగింది. అయ్యా, పొద్దున దించిన కుర్చీకి చెయ్యి విరిగి ఉంది, దీనికి లేదు, చూడండి. మా ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. మిలె సంగతి గుర్తొచ్చి ఒక మెట్టు మీద ఆగాను. అయినా చెబుతాను. చెప్పకపోతే ఎలా? స్తానాకి ఏ మొహం చూపించను?

బండి ద్వారం దగ్గర ఆగి ఉంది. మిగతా గదుల కుర్చీలు కొన్ని, వాటి మనుషులు కొందరు, అప్పటికే ఎక్కారు. ఒకాయన గుడ్లు అప్పగించి కూర్చున్నాడు. ఒకావిడ చిన్నగా ప్రార్థన చేసుకుంటోంది. ద్వారం అధికారి గొడుగు కింద నిలబడ్డాడు, పల్చటి మనిషి, జలుబు చేసి ముక్కు ఎర్రబడింది. నన్ను పిలిచాడు.

నా కుర్చీని చూపించాడు.

"ఈ కుర్చీ మీదేనా?"

"నాదే," అన్నాను.

"ఎక్కండి. తరవాతివాళ్ళు."

అంతే. నోరు తెరుచుకునే నిలబడ్డాను. పేర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. ఇంకో ప్రశ్న వేస్తాడని చూశాను. ఏమైనా చెప్పుకుంటారా అని గానీ, ఇవాళ దించిందేనా అని గానీ, ఏదైనా ఒకటి. ఆయన ముక్కు తుడుచుకుని పక్కకి తిరిగాడు. వెనకవాడు నన్ను తోశాడు. బండెక్కి నా కుర్చీలో నేను కూర్చున్నాను. పైకి చూస్తే మూడో గది కిటికీలో ఎవరూ లేరు. ఎలా ఉంటుంది, లేస్తే కదా.

ద్వారం దాటాం. దాటిన కుర్చీ వెనక్కి రాదు, అది చక్రవర్తి మాట. ఊరు వెనకబడి, రాళ్ళ బాట అయిపోయి, బురద బాట మొదలయింది. బండివాడు వూలె అని ముసలాయన, నా పక్కనే బండి ముందు పలక మీద కూర్చున్నాడు. గుర్రాల చెవుల్నే చూస్తూ తోలుతున్నవాడు ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"ఒకటడుగుతా, ఏమనుకోకండి బాబూ. పొద్దున పెరట్లో చూసిన కుర్చీకి చెయ్యి విరిగి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఇది అది కాదే?"

నేను కుర్చీలో ముందుకి వంగాను.

"చూశావా నువ్వు? మరి ద్వారం దగ్గర ఎందుకు చెప్పలేదయ్యా?"

"నన్నెవరడిగారండీ?" అన్నాడు వూలె.

నాకు నవ్వొచ్చింది. నవ్వు నవ్వుగానే మొదలయింది గానీ ఎక్కడ ఏడుపైందో తెలియలేదు. బండిలోవాళ్ళు తలలు తిప్పుకున్నారు. కోటు లోపల పొట్లం ఇంకా గోరువెచ్చగా ఉంది. తీసి ముసలాయనకి సగం పెట్టాను. ఆయన అడిగాడు కాబట్టి అంతా చెప్పాను. పిల్లాడి సంగతీ, స్తానా దగ్గూ, మెట్ల మీద పేర్చుకున్న మాటలూ, అన్నీ.

"మంచివారు బాబూ. పసివాణ్ణి కాపాడారు," అన్నాడు ఆయన, బురెక్ నములుతూ.

నేను ఎవరినీ కాపాడలేదు. భయపడ్డాను, అంతే. మిలె బతికితే అది నా భయం పుణ్యమే. దానికి నన్ను మెచ్చుకుంటే సిగ్గేస్తుంది.

వచ్చే వారం బండిలో స్తానా వస్తుంది. మూటలు దింపుకుని, దగ్గు ఆగేదాకా నా భుజం పట్టుకుని నిలబడి, ఒకే ఒక్క మాట అడుగుతుంది. ఎందుకు చెప్పలేదు అని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పినవాణ్ణి. దీనికేం చెప్పాలో నాకు తెలియడం లేదు.